మాట అందించే మనిషి

లోయలోకి జారిపోయిన పోలన చావలేదు. ఎలా బతికాడని అడిగితే ఉన్నది చెప్పక తప్పదు: తేనెపట్టు కాపాడింది. భల్లూకగిరి మీద తేనెపట్లు మన పెరట్లో వేలాడేలాంటివి కావు. ఒక్కొక్కటి గడ్డివామంత ఉంటుంది. ఈగలు పిచ్చుకలంత ఉంటాయి. నమ్మనివాళ్ళు భల్లూకగిరికి వెళ్ళి చూసి రావచ్చు, దారి ఖర్చులు వాళ్ళవే. పోలన తలకిందులుగా వచ్చి ఆ పట్టు నడిమధ్య పడి, నడుం దాకా కూరుకుపోయాడు. ఇంత బరువైన పువ్వు ఎక్కడిదా అని ఈగలు చుట్టూ తిరిగాయి. వాసన చూశాయి. నచ్చలేదు కాబోలు, వాటి పని మీద అవి పోయాయి.

పొద్దెక్కాక తేనెగాళ్ళు వచ్చి తాళ్ళు వేసి అతన్ని పైకి లాగారు. వాళ్ళ పెద్ద పేరు గీ. పేరు అంత పొట్టిగా ఉండడానికి కారణం ఉంది. ఆ కొండజాతి భాషలో మాటకూ వాక్యానికీ తేడా లేదు. ఎవరు, ఎవరికి, ఏమిటి, ఎందుకు, ఎప్పుడు అన్నీ ఒకదానికొకటి అతికించి, పాకంలా సాగదీసి, ఒకే ఒక్క మాటగా అంటారు. ఊపిరంతా దానికే సరిపోతుంది, పేర్లకు మిగలదు. గీ ఆ మాటను శిఖరం మీద మొదలుపెట్టాడు. వాగు దాటారు, వెదురు పొదలు దాటారు, కింద గుడిసెల దగ్గర గంజి కాగి చల్లారింది. అప్పటికి మాట పూర్తయింది. దాని అర్థం ఇదీ: మేము త్వరితపురి రాజుకు తేనె కప్పం తీసుకుపోతున్నాం, అక్కడివాళ్ళు మా మాట ఆఖరిదాకా వినరు, నీకు భాషలు వచ్చినట్టున్నాయి, మాతో వచ్చి మా తరఫున మాట్లాడిపెట్టు.

"ఊఁ" అన్నాడు పోలన.

గీ అతని వంక జాలిగా చూశాడు. ఇంత చిన్న మాట ఆడాడంటే మనిషికి జ్వరం ఉందేమోనని నుదురు తాకి చూశాడు.

జ్వరం లేదు. పోలన పోవలసిందీ త్వరితపురికే, ఆ కొండదారిలోనే కాలు జారింది. ఉప్పు పడవ నడుపుతూ శ్వేతవాహిని పొడుగునా రేవు రేవునా ఆగినవాడు గనుక ఏ భాషైనా అతని నాలుకకు లొంగేది. కానీ తన భాష, తను పుట్టిన రెల్లుదీవి భాష, ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇప్పుడు ఆ దీవిలోనూ లేదు.

రెల్లుదీవివాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. అక్కడ ఎవరూ తన మాట తాను ముగించుకోరు. చెప్పేవాడు మాటను ఒడ్డుదాకా తెచ్చి వదులుతాడు. వినేవాడు చెయ్యందించి ఒడ్డెక్కిస్తాడు. "అత్తా, ఈ పూట చేపల పులుసు" అని ఒకరంటే, "పెట్టాను" అనడం రెండోవారి వంతు. "మబ్బు పట్టింది, వాన" అని ఒకరంటే, కురుస్తుందో కురవదో ఎదుటివాళ్ళు తేలుస్తారు. పంతుళ్ళు క్రియ అని పిలిచే ఆ ఆఖరి మాట వాళ్ళ దృష్టిలో చెప్పేవాడి సొత్తు కాదు, వినేవాడి సొత్తు. తన మాట తానే పూర్తిచేసుకోవడమంటే ఎదుట మనిషి లేనట్టు లెక్క. పీడకల వచ్చినవాళ్ళు మాత్రమే ఆ పని చేస్తారు. ఇక ఎవరి మీదైనా కోపం వస్తే తిట్టరు, కొట్టరు. వాళ్ళ మాట అందుకోరు, అంతే. పోలన పక్కింటి కాచమత్త అతని మాట అందుకుని చాలా కాలమైంది. గొడవ ఒక బాతు గురించి. అది ఎవరి దొడ్లో పుట్టి ఎవరి దొడ్లో గుడ్డు పెట్టిందన్నది దీవిలో పెద్దలు కూడా తేల్చలేకపోయారు. బాతు ఏమీ చెప్పలేదు.

రోజూ పొద్దువాలే వేళ ఊరి పెద్ద రేవులో నిలబడి, "పొద్దు వాలింది, పడవలన్నీ ఒడ్డుకు" అని కేకవేసేవాడు. ఇళ్ళల్లోంచి జనమంతా ఒక్క గొంతుతో "చేరాయి" అనేవారు. ఏదైనా పడవ ఇంకా నీళ్ళ మీదే ఉంటే ఆ పడవవాడి పొరుగింటివాళ్ళు "చేరలేదు" అనాలి. ఎంత పగ ఉన్నా ఆ మాట మింగకూడదు. అప్పుడు రేవులో మంట వేసి, ఆ పడవ వచ్చేదాకా ఆరనిచ్చేవాళ్ళు కాదు.

అలాంటి ఊరికి పోలన ఒకనాడు ఉప్పు దించి తిరిగొచ్చేసరికి రేవులో మంట లేదు. పొయ్యిల మీద అన్నం ఇంకా కుతకుతలాడుతోంది, తినేవాళ్ళు లేరు. ఆకాశంలో నల్లటి పొగతోక ఒకటి ఉత్తరానికి పోతోంది. అది ధూమకేశి అనే మాంత్రికుడి పని. రెల్లుదీవి అడుగున మణుల గుహ ఉంది. దీవి మనిషి ఒక్కడైనా చెరపడకుండా తిరుగుతుంటే దాని తలుపు తెరుచుకోదు. అందుకని ధూమకేశి ఊరంతటినీ పొగలో చుట్టి ఎత్తుకుపోయాడు. అయినా తలుపు తెరుచుకోలేదు, పోలన బయట ఉన్నాడు గనుక.

అది మొదలు పోలన మాటలన్నీ సగంలోనే ఆగిపోతున్నాయి. తెడ్డు వేస్తూ అలవాటు కొద్దీ "ఇవాళ గాలి" అంటాడు. ఆగుతాడు. గాలి వీస్తూనే ఉంటుంది, ఆ మాట అనేవాళ్ళే ఉండరు. అన్నం ముందు కూర్చుని "ఉప్పు కాస్త" అంటాడు. ఎక్కువైందో తక్కువైందో ఇప్పటికీ తేలలేదు. పరాయి భాషల్లో మాత్రం గలగలా మాట్లాడతాడు. అవన్నీ అద్దె ఇళ్ళలాంటివి, పడుకోవచ్చు గానీ నిద్ర పట్టదు.

తేనెకుండలు దోనెల్లో కట్టి తేనెగాళ్ళు బయలుదేరారు. ఏటి మలుపులో త్వరితపురి సరిహద్దుకు ఇవతల దర్శనసీమ తగిలింది. ఆ సీమవాళ్ళకు ఏ మాటకైనా ఒక తోక ఉండాలి. కళ్ళతో చూసి చెబితే ఒక తోక, చెవులతో విని చెబితే మరో తోక. తోక లేని మాటను అక్కడ ఎవరూ మాటగా తీసుకోరు. కావలి ముసలాయన దోనె అంచు పట్టుకుని ఆపాడు.

"ఏ ఊరు నాయనా?"

"రెల్లుదీవి."

"చూసి చెబుతున్నావా, విని చెబుతున్నావా?"

"పుట్టి చెబుతున్నాను తాతా."

ముసలాయన గడ్డంలో నవ్వుకున్నాడు. "మీవాళ్ళేరీ మరి? ఒక్కడివే వచ్చావు."

"పోయారు" అన్నాడు పోలన.

"ఆ మాటకు తోక ఏదీ? పోగా చూశావా?"

"లేదు."

"చూసినవాళ్ళు చెప్పగా విన్నావా?"

"లేదు."

"అయితే ఆ మాట మా దేశంలో చెల్లదు. మడిచి మూటలో పెట్టుకో. చూసిన రోజున తీసి అందువుగాని" అని ముసలాయన దోనెను ముందుకు తోశాడు.

పోలన చాలాసేపు వెనక్కి తిరిగి చూస్తూ కూర్చున్నాడు. ఊరు పోయినప్పటినుంచీ ఆ మాటను అతను లోలోపల అంటూనే ఉన్నాడు. అనడానికి తనకు హక్కు లేదని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

త్వరితపురి కనిపించింది. ఏమి నగరం అది. పగడపు కోటగోడలు, వాటి మీద ఇత్తడి నెమళ్ళు, ఒక్కొక్క నెమలి ముక్కున ఒక్కొక్క దీపం. వీధులకు బదులు కాలువలు, కాలువల మీద చంద్రవంకల్లాంటి వంతెనలు, వంతెనల కింద తామరలను తోసుకుంటూ రాజహంసల్లా సాగే పడవలు. ఆ కాలువల చిక్కుముడి నడుమ ఎక్కడో నీటిబురుజు ఉందనీ, రాజుకు మంత్రాంగం చెప్పే ధూమకేశి తన బందీలను అందులోనే దాచాడనీ పోలన రేవుల్లో విన్నాడు. దారి మాత్రం చెప్పగలిగినవాడు దొరకలేదు.

ఆ నగరంలో జనం నడవరు, పరిగెడతారు. వాళ్ళ భాషలో చేయవలసిన పని ముందు వస్తుంది. ఎవరు, ఎక్కడ, దేన్ని అన్నవి వెనక తీరిగ్గా వస్తాయి. జనానికి మాత్రం తీరిక లేదు. మొదటి మాట చెవిన పడగానే పని మొదలుపెట్టేస్తారు. అది అక్కడ రాజభక్తి కింద లెక్క. తేనెగాళ్ళు కొలువులో అడుగుపెట్టగానే రాజు ఉద్రేకవర్మ, "తెరవండి" అన్నాడు. "ఈ తేనెకుండ మూతను" అని అతను ముగించేలోగా భటులు సభలో ఉన్న తలుపులు, కిటికీలు, ఖజానా పెట్టెలు, చిలకల పంజరాలు తెరిచేశారు. ఒక మంత్రిగారి పాగా కూడా విప్పారు, ఎందుకో ఆయనకే తెలియదు. చిలకలు పోయాయి. రాజు అలవాటైన మనిషిలా నిట్టూర్చాడు.

సింహాసనం పక్కన ఒక నల్లరాయి ఉంది. దాన్ని దుభాషి బండ అంటారు. దాని మీద నిలబడి దుభాషి ఏమన్నా రాజు నోట వచ్చినట్టే. పోలన ఆ బండ ఎక్కి, తేనెగాళ్ళు ఇచ్చిన పాగా కళ్ళమీదికి లాక్కుని, గీ చెప్పే పొడుగు మాటను ముక్కలు చేసి, తలకిందులు చేసి, పనిని ముందుకు తెచ్చి వినిపిస్తున్నాడు. బండ కింద, సభ చివర, వంటపాత్రలు తోమే ఆడవాళ్ళు బూడిద చేతులతో తేనెకుండలు అందుకుంటున్నారు. పడమటి కిటికీలోంచి పొద్దు వాలుతోంది.

అప్పుడు వచ్చాడు ధూమకేశి. తల మీద జుట్టు లేదు. జుట్టు ఉండవలసిన చోట పొగ, నడుం దాకా మెలికలు తిరుగుతూ. అతను సభలో పరదేశులు ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ నడిచాడు. నడుస్తూ నడుస్తూ సభ మధ్య ఆగి, ఎవరినీ చూడకుండా, రెల్లుదీవి భాషలో గొంతెత్తాడు.

"పొద్దు వాలింది. పడవలన్నీ ఒడ్డుకు"

ఆగాడు.

సభలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పోలనకు మాత్రం కాళ్ళ కింద బండ కదిలినట్టయింది. అది ఉచ్చు అని అతనికి తెలుసు. దొంగ గొంతు అనీ తెలుసు. అయినా ఎన్ని రేవుల వెంట, ఎన్ని రాత్రుల వెంట, ఎదుటి మనిషి తన వైపు వదిలిన సగం మాట కోసం అతను మొహం వాచిపోయాడు. ఇప్పుడది గాలిలో వేలాడుతోంది, చెయ్యి చాపితే అందేంత దగ్గర. పెదవులు వాటంతటవే విడిపోయాయి. ఏమనాలి? చేరాయనాలా? తన పడవే ఇంకా నీళ్ళ మీద ఉంది. నీళ్ళ మీద ఉన్నవాడు జవాబు చెప్పకూడదు. అది ఒడ్డున ఉన్నవాళ్ళ మాట.

"చేరలేదు."

ఆ మాట అన్నది పోలన కాదు. కింద కుండల గుట్ట దగ్గరనుంచి వచ్చింది, బొంగురుగా, నిప్పు మీద నీళ్ళు చల్లినట్టు. ఒక ముసలామె పిడికిట్లో బూడిదతో నిలబడి ఉంది. ఆ వంటసాలలో అందరూ ఆమెను మూగదనుకున్నారు.

కాచమత్త.

బాతు కోసం రెల్లు పొదల్లో దూరి వెతుకుతూ ఉండగా పొగ వచ్చి ఊరిని చుట్టుకుపోయింది. ఆమె మిగిలిపోయింది. పొగ వెంట నడిచి ఇక్కడికి వచ్చింది. నోరు కట్టుకుని గిన్నెలు తోముతూ, ధూమకేశి కళ్ళెదుటే ఇన్నాళ్ళూ దాగింది. ఇప్పుడు మాత్రం ఆగలేకపోయింది. పొరుగింటివాడి పడవ రాలేదు మరి. ఆ మాట మింగకూడదు.

పోలన కళ్ళు చెమ్మగిల్లాయి. తన పడవ రాలేదని గుర్తుపెట్టుకున్న మనిషి లోకంలో ఒకరున్నారు. అదీ ఈవిడ.

ధూమకేశి నవ్వి చెయ్యెత్తాడు. "పట్టుకోండి" అన్నాడు త్వరితపురి భాషలో. "ఆ ముసలిదాన్ని" అనే లోపల ప్రతి భటుడూ తన పక్కవాణ్ణి గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరు కలిసి సేనాపతిని పట్టుకున్నారు. ఆ గందరగోళంలో పోలన దుభాషి బండ మీద నిటారుగా నిలబడి, రాజు గొంతులా గొంతు పెంచి, "పడుకోండి" అన్నాడు.

సభ సభంతా దభాలున నేల మీద పడింది. భటులు, మంత్రులు, వింజామర పట్టినవాళ్ళు, అందరూ. అలవాటు బలం చూడండి, ఉద్రేకవర్మ కూడా సింహాసనంలోనే ఒరిగిపోయాడు. పోలన బండ దిగుతూ మిగతాది తీరిగ్గా ముగించాడు. "హాయిగా, రాత్రికి, ఇళ్ళకు వెళ్ళి భోంచేశాక."

గీకి సంగతి అర్థమైంది. వీడ్కోలుగా ఒక మాట మొదలుపెట్టాడు. ఆ మాట ఇంకా పూర్తయి ఉండదు.

పోలన పడుకున్న వీపుల మీదుగా పరిగెత్తి కాచమత్త చెయ్యి పట్టుకుని తెరిచి ఉన్న పడమటి కిటికీ దగ్గరకు లాగాడు. కింద కాలువ, కాలువలో తేనెగాళ్ళ దోనె.

"అత్తా, ఇక్కణ్ణించి" అన్నాడు.

ఆమె కిందికి చూసింది, అతని వంక చూసింది, పెదవులు బిగించింది. వెనక పొగ బుస్సుమంటోంది.

"అత్తా, మనవాళ్ళంతా" అన్నాడు. మూటలో మడిచి పెట్టుకున్న మాట అదే.

కాచమత్త ముఖం పక్కకు తిప్పుకుంది, కంచె అవతల నిలబడి తిప్పుకున్నట్టే. సరిగ్గా అలాగే. ఇంక ఆగడానికి వ్యవధి లేక పోలన ఆమెను ఎత్తుకుని దూకాడు. ఆకాశం, ఇత్తడి నెమళ్ళు, తామరలు అన్నీ కలిసి ఒక్కసారి తిరిగాయి. నీళ్ళు మింగి, కక్కి, దోనె అంచు అందుకుని ఇద్దరూ లోపలికి పొర్లారు. కిటికీలోంచి బాణాలు వచ్చి తేనెకుండలకు తగులుతున్నాయి. పోలన తెడ్డు అందుకున్నాడు.

ముసలామె జుట్టు పిండుకుని, తీరుబడిగా నోరు విప్పింది.

"ఏరా పోలనా, ముందు ఆ బాతు"

ఆగింది. ఒక బాణం వాళ్ళిద్దరి మధ్యనుంచి పోయింది. ఆమె దాన్ని చూడను కూడా చూడలేదు.

"నీదే, అత్తా."

"ఊఁ. ఇందాక ఏదో అన్నావు. మళ్ళీ అను."

"మనవాళ్ళంతా"

"బతికే ఉన్నారు" అంది కాచమత్త. "రోజూ గంజి నేనే మోసుకెళ్ళి కిటికీలోంచి పోస్తాను. నీటిబురుజులో ఉన్నారు. నిచ్చెన ఎత్తడానికి రెండో మనిషి లేక ఇన్నాళ్ళూ ఊరికే"

"ఉన్నావు" అన్నాడు పోలన. ఎంత కాలమైందో ఆ రుచి తెలిసి. అందుకున్నాడు, అందించాడు. తెడ్డు వేస్తూనే కళ్ళు భుజానికి తుడుచుకున్నాడు.

"ఏడవకురా, దోనె నిండుతుంది. ఎడమ కాలువలోకి తిప్పు."

తిప్పేలోగా ధూమకేశి కిటికీలోంచి వంగి తల విదిలించాడు. జడలు జడలుగా పొగ కాలువలోకి దిగింది. ముందు కోట పోయింది, తరవాత వంతెనలు పోయాయి, తరవాత దోనె ముక్కు పోయింది. దోనె గిర్రున తిరిగి, ఎడమ ఏదో కుడి ఏదో తెలియలేదు. పొగ చల్లగా వచ్చి తెడ్డును చుట్టుకుని వెనక్కి లాగసాగింది.

"రోజూ వెళ్ళే దారేగా అత్తా" అన్నాడు పోలన.

"కళ్ళతో వెళ్ళేదాన్ని. ఇప్పుడు కళ్ళెక్కడివి?" ఆమె గొంతులో మొదటిసారి భయం వినబడింది.

పోలన ఒక చేత్తో తెడ్డు వదలకుండా లేచి నిలబడ్డాడు. నోటి పక్కన రెండో చెయ్యి దొప్పలా పెట్టి, ఊరి పెద్ద వేసినట్టు, పొగలోకి కేకవేశాడు.

"పొద్దు వాలింది. పడవలన్నీ ఒడ్డుకు"

కాచమత్త మాట్లాడలేదు. ఇప్పుడు ఆమె కూడా నీళ్ళ మీదే ఉంది. పొగ బుసలు తప్ప ఏమీ లేదు. ఊరు పోయిన సాయంత్రం విన్న నిశ్శబ్దమే అది, అణువంత కూడా తేడా లేదు. తెడ్డు అతని పట్టులోంచి మెల్లగా జారుతోంది.

అప్పుడు ఎక్కడో కుడివైపున, రాతి గోడల వెనకనుంచి, ముసలివీ పసివీ కలిసిన అనేక గొంతులు ఒక్కసారిగా లేచాయి.

"చేరలేదు."

పోలన దోనెను అటు తిప్పాడు.